దెబ్బా, చాక్లెట్టా, మాటా: ఐదేళ్ల పిల్లలకు ఏది మేలు?

అనంతపురంలో మా వీధికి కుళాయి నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి. అట్లా పట్టిపెట్టిన బిందెను మా ఐదేళ్ల పాప ఆటలో తోసేసింది. నీళ్లు వంటింటి గడప దాటి పోయాయి. నా చెయ్యి లేచింది. పాప బిందెను చూడలేదు, నీళ్లను చూడలేదు, నా చేతినే చూస్తూ నిలబడిపోయింది. చెయ్యి దించేశాను.

దెబ్బకు అల్లరి అప్పటికప్పుడు ఆగుతుంది, నిజమే. కానీ పిల్లలకు అర్థమయ్యేది ఎవరి ముందు ఆగాలన్నదే. నాన్న ఉంటే బుద్ధిగా కూర్చుంటారు, అవ్వ దగ్గరికి పోగానే మళ్లీ మొదలు. ఆ తర్వాత "నేను కాదు, పిల్లి పడేసింది" అనే అబద్ధాలు వస్తాయి. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు పెద్దలు. మొక్కను వంచాలన్నా ఊతకర్ర పాతి, దారం కట్టి, రోజులు ఆగాలి కదా, ఒక్క గుంజుడుకు విరిగిపోతుంది. బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. టీచరు చేయకూడనిది ఇంట్లో మనం ఎందుకు చేయాలి?

చాక్లెట్ దెబ్బకన్నా నయం. కొత్తగా టాయిలెట్ అలవాటు చేసేటప్పుడు నాలుగు రోజులు స్టిక్కర్ ఇస్తే తప్పేమీ లేదు. పిల్లలు ఇష్టంగా చేసే పనికి కూడా ఆశ పెడితేనే చిక్కు. 1973లో అమెరికాలో బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలకు, గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్లకు చూస్తే, మిగతా పిల్లలకంటే వాళ్లే తక్కువసేపు గీశారు. ఇక ఏడుపు ఆపడానికి ఫోన్ ఇస్తే, ఏడిస్తే ఫోన్ వస్తుందని మనమే నేర్పినట్టు.

నా ఓటు మాటకే. ఆ రోజు పాప చేతికి పాత గుడ్డ ఇచ్చి, "తుడుద్దాం రామ్మా" అన్నాను. ఇద్దరం కూర్చుని తుడిచి, బకెట్లో పిండి, ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకు పోశాం. పాప గ్యాస్ బండ వెనకాల కూడా చెయ్యి పెట్టి తుడిచింది. "ఆ మూల నేను చూడనే లేదు, నువ్వు తుడిచావే!" అన్నాను. ఉత్త 'గుడ్ గర్ల్' అని ఉంటే తను చేసిందాంట్లో ఏది బాగుందో దానికి తెలిసేది కాదు. మళ్లీ నీళ్లొచ్చిన రోజు, "అమ్మా, బిందె గోడ పక్కకు పెట్టు" అని తనే చెప్పింది.

దీనికి టైం పడుతుంది. పొద్దున ఆఫీసు టెన్షన్‌లో అంత ఓపిక ఉండదు, నాకూ చాలాసార్లు ఉండదు. ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. నేను వద్దన్నది అవ్వ కొంగుచాటున పెడితే మొత్తం మొదటికొస్తుంది. అందుకే పాప పడుకున్నాక అత్తమ్మతో కూర్చుని, దేనికి ఒప్పుకోవాలో దేనికి ఒప్పుకోకూడదో ముందే అనుకుంటాం.

రోడ్డు మీదికి ఉరికినప్పుడు, పొయ్యి దగ్గరికి పోయినప్పుడు మాత్రం మాటలతో పని లేదు. ముందు రెక్క పట్టి వెనక్కి లాగాలి. ఎందుకు లాగామో ఒళ్లో కూర్చోబెట్టుకుని తర్వాత చెప్పొచ్చు.