సిమ్ అదే, ల్యాప్‌టాప్‌లో మాత్రం సిగ్నల్ లేదు

టోక్యోలో ఉన్న నాలుగు రోజులూ ల్యాప్‌టాప్‌లో వేసిన సిమ్ గురించి ఆలోచించే పనే పడలేదు. హోటల్ గది అగ్గిపెట్టెంత. వైఫై రాత్రి పదయ్యేసరికి నీరసపడిపోయేది. వీడియో కాల్స్ అన్నీ సిమ్ మీదే నడిపించేశాను. జపాన్ కొండల్లోని కిసో లోయకి వెళ్లాక మొదలైంది అసలు తంటా.

సత్రం మాత్రం చాలా బాగుంది. చెక్క ఇల్లు, వెనకాల వాగు చప్పుడు. వైఫై భోజనాల గదిలో తప్ప రాదని ముందే చెప్పారు. సిమ్ ఉందిగా అని నా ధీమా. తెరిచి చూస్తే గీతలు సున్నా. కిటికీలో పెట్టాను, వరండా చివరికి మోసుకెళ్లాను, రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. చివరికి పిన్నీసుతో ట్రే లాగి అదే సిమ్ ఫోన్‌లో వేస్తే ఠంచనుగా మూడు గీతలు వచ్చాయి!

ఫోన్‌లో సిగ్నల్ వివరాలు చూపించే ఫీల్డ్ టెస్ట్ తెర తెరిచాక తెలిసింది, అక్కడ వస్తున్నది బ్యాండ్ 19 అని. బ్యాండ్ అంటే నెట్‌వర్క్ వాడుకునే ఫ్రీక్వెన్సీల ముక్క, దానికో నంబరు. 19 అంటే 800 మెగాహెర్ట్జ్. నా ల్యాప్‌టాప్‌లో సిగ్నల్ పట్టుకునే మోడెమ్ కార్డు సియెర్రా వైర్‌లెస్ ఇఎం7455. అందులో 1, 3 బ్యాండ్లు ఉన్నాయి కాబట్టి టోక్యోలో దూసుకుపోయింది. 19 లేదు. ఇఎం7430 అని ఇంకో కార్డు ఉంది, పైకి రెండూ కవలల్లా ఉంటాయి. దాంట్లో 18, 19, 21, 28 ఉన్నాయి కానీ అమెరికాకి కావలసిన 2, 4, 12, 13 లేవు, యూరప్ పల్లెల్లో పనికొచ్చే 20 కూడా లేదు. సిమ్ అమ్మినాయన "4జీ ఉంటే చాలు, ఏ ల్యాప్‌టాప్ అయినా సరే" అన్నాడు. నమ్మేశాను.

తక్కువ ఫ్రీక్వెన్సీ దూరం పోతుంది, గోడలు కూడా బాగా దాటుతుంది. అందుకే జనం పలచగా ఉన్నచోట కంపెనీలు 700–900 మెగాహెర్ట్జ్‌నే నమ్ముకుంటాయి. కాబట్టి సిటీలో పనిచేసిందా లేదా అన్నది అసలు పరీక్షే కాదు. జపాన్‌లోనే సాఫ్ట్‌బ్యాంక్ అనే ఇంకో కంపెనీ వాడే 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 8 నా కార్డులో ఉంది. ఆ నెట్‌వర్క్ సిమ్ తీసుకుని ఉంటే కనీసం ఒక ఛాన్స్ ఉండేది.

తర్వాత జర్మనీ. బ్లాక్ ఫారెస్ట్ గెస్ట్‌హౌస్‌లో అదే కార్డు బ్యాండ్ 20 పట్టుకుని మంచం మీద నుంచే పని చేయించింది. స్పీడు టోక్యోలో వచ్చినదాంట్లో సగం కూడా లేదు, మెయిల్స్‌కి, కాల్స్‌కి చాలు. రైల్లో తెగుతూ అతుకుతూ వచ్చింది, ఆ పాపం బ్యాండ్‌ది కాదు. బ్యాండ్ కలవకపోతే 3జీ మీద నెట్టుకొద్దామనే పాత ధైర్యం కూడా ఇప్పుడు చెల్లదు. జర్మనీలో 2021లో, అమెరికాలో 2022లో 3జీ ఆపేశారు.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'netsh mbn show interfaces' కొడితే మోడెమ్ మోడల్ కనిపిస్తుంది. దాని బ్యాండ్ల పట్టిక, వెళ్లే దేశంలోని నెట్‌వర్క్‌ల బ్యాండ్లు పక్కపక్కన పెట్టి చూసుకోవడం పది నిమిషాల పని. కార్డు మార్చేద్దామంటే కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే లోపలి ప్రోగ్రామ్) కొత్త కార్డుని ఒప్పుకోదు. నాదీ ఆ బాపతే.

వచ్చే ప్రయాణం ఆస్ట్రేలియాకి. అక్కడ ఊళ్లు దాటాక ముఖ్యమైనది బ్యాండ్ 28, నా కార్డులో అదీ లేదు. ఈసారి సిమ్ నేరుగా ఫోన్‌లోకే. హాట్‌స్పాట్‌కి అనుమతి ఉన్న ప్లానేనా అన్నది మాత్రం కొనేముందే అడుగుతాను.