టైర్లకు ఏది మేలు: థండర్‌బోల్ట్ ఎనిమిది చక్రాలా, రైల్టన్ నాలుగు చక్రాలా?

1938 సెప్టెంబరు 15న అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో జాన్ కాబ్ తన రైల్టన్ కారులో గంటకు 563 కి.మీ. వేగం సాధించి, నేలమీద వాహనాల ప్రపంచ వేగ రికార్డు నెలకొల్పాడు. మర్నాడే జార్జ్ ఐస్టన్ థండర్‌బోల్ట్‌తో 575 కొట్టి ఆ రికార్డు లాగేసుకున్నాడు. ఇద్దరూ ఇంగ్లండ్ వాళ్లే. ఇద్దరికీ ఇంజిన్ కంటే టైరు గురించే ఎక్కువ టెన్షన్.

ఎందుకంటే 1.1 మీటర్ల వ్యాసమున్న టైరు 560 కి.మీ. వేగంతో తిరిగితే, దాని అంచున ఉన్న ఒక్క గ్రాము రబ్బరు నాలుగు కిలోలకు పైగా బలంతో బయటికి లాగుతుంది. అందుకే ఈ టైర్లకు పైన రబ్బరు చాలా పల్చగా వేసేవాళ్లు. పల్చన కాబట్టి చక్రం కాస్త జారినా, ఎగిరి పడినా చిరిగిపోయేది. 1935లో అమెరికాలోని డేటోనా తీరపు ఇసుకమీద మాల్కం క్యాంప్‌బెల్ రికార్డు కారు బ్లూబర్డ్‌కు జరిగింది ఇదే: గతుకులకు వెనుక చక్రాలు నేల వదిలి గాల్లో గిర్రున తిరిగాయి, టైర్లు చీలికలయ్యాయి.

ఐస్టన్ మార్గం బరువును పంచడం. ముందు రెండు వరుసల్లో నాలుగు చక్రాలు, నాలుగూ స్టీరింగ్‌తో తిరిగేవి. వెనుక లారీకి ఉన్నట్టు జంట టైర్లు. స్ప్రింగులు అడ్డంగా పెట్టిన కమాన్ పట్టీలు. కాబ్ కారును రూపొందించిన ఇంజినీరు రీడ్ రైల్టన్ మాత్రం అసలు బరువునే తగ్గించాడు. నాలుగే చక్రాలు, కాయిల్ స్ప్రింగులు. రెండు ఇంజిన్లలో ఒకటి ముందు చక్రాలను, రెండోది వెనుక చక్రాలను తిప్పుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. థండర్‌బోల్ట్ సుమారు 7 టన్నులు, ఎనిమిది టైర్లు. రైల్టన్ 3 టన్నులకు కాస్త పైన, నాలుగు టైర్లు. ఒక్కో టైరుమీద బరువు రెండింటిలోనూ దాదాపు ఒకటే! అన్ని చక్రాలు పెట్టి ఐస్టన్ సాధించింది సమానం కావడమే. ఒక్కో టైరుమీద పడే ఇంజిన్ బలం లెక్కలో మాత్రం ఆయన బాగా వెనకబడ్డాడు. 4,700 హార్స్‌పవర్ అంతా వెనుక నాలుగు టైర్లమీదే పడుతుంది, అంటే టైరుకు 1,175. రైల్టన్‌లో 2,500 హార్స్‌పవర్ నాలుగు టైర్లకూ పోతుంది, టైరుకు 625. టైరును తినేసేది బరువొక్కటే కాదు, నేలను తోసే ఈ బలం కూడా. పైగా జంట టైర్లలో ఒకటి పిసరంత పెద్దదైనా రెండోది ఈడ్చుకుపోతుంది. ముందు రెండు వరుసల స్టీరింగ్ కోణాలు కలవకపోయినా అంతే.

థండర్‌బోల్ట్‌ను తక్కువ చేయలేం. రెండు రోల్స్‌రాయిస్ విమాన ఇంజిన్లు, మొత్తం 73 లీటర్ల సిలిండర్ సామర్థ్యం ఉన్నవి, మోయాలంటే ఎనిమిది చక్రాలు తప్పవు. ఆ రోజు గెలిచిందీ అదే. అయినా నా ఓటు రైల్టన్‌కే. 1939 ఆగస్టులో కాబ్ 595తో రికార్డు తిరిగి తీసుకున్నాడు. యుద్ధం ముగిశాక 1947లో, ఆ పాత నేపియర్ లయన్ విమాన ఇంజిన్లతోనే, అదే కారు సగటున 634 కి.మీ. అందుకుంది.