చెక్క కయాక్ కిట్ రివ్యూ: 17 అడుగులా, 14 అడుగులా? మిసిసిపీ మొదట్లోనే తేలిపోయింది

ముందే చెప్పేస్తాను, ఇంట్లోనే కట్టుకునే ఈ కయాక్ (పొడవాటి, సన్నటి తెడ్డు పడవ) కిట్ మంచిదే, పెట్టిన డబ్బు దండగ కాలేదు. కానీ మిసిసిపీ నదిని మొదట్నుంచీ, అంటే మిన్నెసోటాలో లేక్ ఇటాస్కా దగ్గర్నుంచీ పట్టుకుని దిగువకి రావాలన్న ఆలోచన మీకుంటే, 17 అడుగుల మోడల్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి. కంపెనీ సైట్‌లో ఫొటోలన్నీ సముద్రం మీద తీసినవి. బీవర్లనే జంతువులు పేర్చిన కట్టెల అడ్డుకట్ట మీంచి, మోకాళ్ళ లోతు బురదలో పడవని ఈడ్చుకుపోయే ఫొటో ఒక్కటీ ఉండదు. ఈ ప్రయాణం మొదలయ్యేది మాత్రం అలాగే.

కంపెనీ పేరు రాయను. ఈ రకం కిట్లు అమ్మేవాళ్ళు అమెరికాలో చాలామంది ఉన్నారు, పద్ధతి అందరిదీ దాదాపు ఒకటే, ధర వెయ్యి డాలర్లు దాటుతుంది. పొడవాటి అట్టపెట్టెల్లో 4 మిల్లీమీటర్ల మందాన ఒకూమే అనే తేలిక చెక్క ప్లైవుడ్ పలకలు వస్తాయి. మెషీన్ మీద కోసి పంపిస్తారు కాబట్టి మనం రంపం పట్టాల్సిన పని పెద్దగా ఉండదు. అంచుల వెంట చిన్న చిన్న బెజ్జాలు వేసి రాగితీగతో పలకనీ పలకనీ కుట్టాలి, నిజంగా కుట్టడమే. అప్పటిదాకా నేలమీద బల్లపరుపుగా పడున్నవి, తీగలు మెలిపెడుతూ పోతుంటే ఉన్నట్టుండి పైకి లేచి పడవ అయిపోతాయి. మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన ఘట్టం అదే. తర్వాత లోపలి మూలల్లో చెక్కపొడి కలిపిన ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) నింపి, ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి, దానిమీద పల్చగా ఎపాక్సీ పట్టించాలి. ఆ గుడ్డ తెల్లగా ఉంటుంది. ఎపాక్సీ తాగగానే గుడ్డ కనపడకుండా పోయి కింద చెక్క ఎర్రగా తేలుతుంది. ఎక్కడైనా తెల్ల మచ్చ మిగిలిందంటే అక్కడ ఇంకాస్త పట్టించాలన్నమాట.

మాన్యువల్ బాగుంది, వడ్రంగం రానివాళ్ళకి కూడా బొమ్మలు చూస్తే అర్థమవుతుంది. చలి గురించి మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు. మిన్నెసోటా గరాజ్ సంగతి ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, మార్చిలో కూడా బకెట్లో నీళ్ళు గడ్డకడతాయి. ఎపాక్సీ గట్టిపడాలంటే వెచ్చదనం కావాలి, లేకపోతే రోజుల తరబడి జిగటగానే ఉండిపోతుంది. హీటర్ పెట్టుకుంటారో, మే దాకా ఆగుతారో మీ ఇష్టం. ఇంకోటి, ఆరిన ఎపాక్సీ మీద ఒక్కోసారి మైనపు పొర తేలుతుంది. దాన్ని నీళ్ళతో కడగకుండా ఉప్పుకాగితం పట్టారంటే కాగితాలు దండగ. సగం పని రుద్దడమే, మాస్కు తప్పనిసరి. గ్లవ్స్, రోలర్లు, క్లాంపులు, వార్నిష్ ఏవీ కిట్‌లో రావు, ఆ ఖర్చు విడిగా వేసుకోండి. వార్నిష్ అందానికే కదా అని మానేయకండి, ఎండకి ఎపాక్సీ దెబ్బతింటుంది, యూవీని ఆపే వార్నిష్ పడాల్సిందే.

మేం రెండు కట్టాం. నాది 17 అడుగులది, మా బావది అదే కంపెనీ 14 అడుగుల మోడల్. బావది రాజమండ్రి. "గోదాట్లో పుట్టి పడవ ఎక్కి తిరిగినోణ్ణి, నాకు పొట్టిది చాలు" అని ఆర్డర్ రోజే తేల్చేశాడు. రెండూ పూర్తయ్యాక పూజ చేద్దామంటే ఇంట్లోవాళ్ళకి ఒకటే సందేహం: నిమ్మకాయలు దేనికింద పెట్టాలి, వీటికి చక్రాల్లేవు కదా? చివరికి పడవల్ని గట్టుమీద లాక్కెళ్ళే పోర్టేజ్ కార్ట్ చక్రాల కింద పెట్టి తొక్కించాం. నవ్వితే నవ్వండి, మొత్తం సామానులో ఎక్కడా మొరాయించనిది ఆ కార్టే.

ఇక అసలు విషయం. ఇటాస్కా స్టేట్ పార్క్ 1891లో పెట్టారు, మిన్నెసోటాలో స్టేట్ పార్కులన్నిట్లోకీ పాతది. అక్కడ సరస్సులోంచి ఒక రాళ్ళ వరస మీదుగా నది బయటికొస్తుంది. పక్కనే నిలబెట్టిన దుంగ మీద చెక్కి ఉంటుంది, సముద్రమట్టానికి 1,475 అడుగుల ఎత్తున మొదలై 2,552 మైళ్ళు పోయి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కలుస్తుందని. ఇప్పటి లెక్కల్లో అది 2,340 మైళ్ళ దగ్గర్లో చెబుతారు, ఎవరి కొలత వారిది. పిల్లలు ఆ రాళ్ళ మీద నడుచుకుంటూ మిసిసిపీని దాటేస్తుంటారు. బావ అటూ ఇటూ చూసి, "కోనసీమలో పంటకాలవ ఇంతకంటే వెడల్పుంటుంది కదా బావా" అన్నాడు. అబద్ధమేం కాదు.

ఇక్కడ్నుంచి నది దక్షిణానికి పోదు, ముందు ఉత్తరానికి పోతుంది, బెమిడ్జి ఊరి దాకా. రోడ్డు మీద 30 మైళ్ళ దూరం, నీళ్ళమీద 60 మైళ్ళ దాకా వస్తుంది. ఆ తేడా అంతా మెలికలే, నా 17 అడుగుల పడవ పరువు పోయింది కూడా ఆ మెలికల్లోనే. వంపు తిరిగేటప్పుడు ముక్కు ఒక గట్టుకి, తోక ఇంకో గట్టు మీది జమ్ముకి ఆనుకుని మధ్యలో నేను. వెనక్కి జరపాలి, తెడ్డుతో గట్టుని పొడవాలి, మళ్ళీ ముందుకి. ఆపాటికి బావ తర్వాతి మలుపు కూడా తిరిగిపోయి కేకేస్తుంటాడు. నీళ్ళు తగ్గినచోట దిగి లాగాలి. బీవర్ కట్ట వస్తే దిగి, ముక్కు పైకి తోసి, కట్ట మీదకెక్కి, ఆ కట్టెలు కాళ్ళ కింద కూరుకుపోతుంటే అవతలికి లాగాలి. ఒట్టి పడవే 20 కిలోల పైన, సామాన్లతో కలిపితే ఒక్కడి వల్ల కాదు. కాఫీ పాట్ ల్యాండింగ్ లాంటి మజిలీల దగ్గర ఆగడానికి మంచి చోట్లున్నాయి కానీ, వాటి మధ్యలో కొన్నిచోట్ల అంతా జమ్ము మడుగే, ఏది నదో తెలీదు. నీళ్ళ అడుగున గడ్డి ఎటు వాలి ఉందో చూసి అటు పోవాలి, ప్రవాహం అటే. జీపీఎస్ కంటే ఈ చిట్కానే ఎక్కువ పనిచేసింది. దోమల గురించి రాయడం మొదలుపెడితే ఇది కయాక్ రివ్యూ కాకుండా పోతుంది, తలకి వల తీసుకెళ్ళండి, అంతే.

బెమిడ్జి దాటాక లెక్క తిరగబడింది. నది తూర్పుకి మళ్ళి సరస్సులోంచి సరస్సులోకి పోతుంది: వుల్ఫ్ లేక్, ఆండ్రూసియా, క్యాస్ లేక్, ఆపైన వాటన్నిటికంటే పెద్దది విన్నిబిగోషిష్. అది 56 వేల ఎకరాల పైమాటే, గాలి లేచిందంటే చూస్తుండగానే అలలొచ్చేస్తాయి. మధ్యలోంచి అడ్డంగా దాటొద్దు, తెల్లారకముందే బయల్దేరి ఒడ్డు పట్టుకుని పొండి. ఈ నీళ్ళమీద 17 అడుగుల కయాక్ ఎందుకు చేశారో అర్థమైంది. ఒక్క తెడ్డుకి ఎంత దూరం జారుతుందో, అలని ఎంత శుభ్రంగా కోస్తుందో చెప్పలేను, చేతులు నొప్పెట్టడం కూడా తగ్గింది. బావ పొట్టి పడవ ప్రతి అలకీ తల ఊపుకుంటూ వెనకబడింది. ఒక్క లోపం, పక్కగాలి తగిలితే ముక్కు గాలివైపుకి తిరిగిపోతుంది, దాన్ని సరిచేస్తూనే ఉండాలి. స్కెగ్ (తోక కింద ఉండే చిన్న రెక్క) గానీ రడ్డర్ (చుక్కాని) గానీ విడిగా అమ్ముతారు. కొనండి, అక్కడ పిసినారితనం వద్దు.

ఈ సరస్సుల్లో చాలావరకు లీచ్ లేక్ రిజర్వేషన్ లోపల, అంటే ఓజిబ్వే అనే అమెరికా ఆదివాసీల సొంత ప్రాంతంలో ఉన్నాయి. వైల్డ్ రైస్ అనే నీటిగడ్డి ధాన్యం ఆ నీళ్ళలోనే పెరుగుతుంది, వాళ్ళు ఇప్పటికీ పడవల్లో వెళ్ళి కర్రలతో గింజలు రాల్చుకుంటారు. దారి దగ్గరని దాని మధ్యలోంచి దూసుకుపోకండి, వాళ్ళ పంట అది.

సరస్సుల చివర్లలో డ్యాములు, క్యాస్ లేక్ దగ్గర నట్సన్ డ్యామ్, విన్నిబిగోషిష్ దగ్గర ఇంకోటి. ప్రతిచోటా పడవ ఖాళీ చేసి, కార్ట్ ఎక్కించి, అవతల దింపి, మళ్ళీ సర్దాలి. అక్కడ బయటపడింది కిట్‌లో నాకు అస్సలు నచ్చని విషయం, హ్యాచ్ మూతలు, అంటే పడవలో సామాను పెట్టే అరల మూతలు. మూత కింద అంటించే ఫోమ్ పట్టీ నాలుగుసార్లు తీసి పెట్టేసరికి అణిగిపోయి, సరస్సు అలలకి లోపలికి నీళ్ళు ఊరాయి. నిద్రపోయే బ్యాగ్ తడిసింది. కంపెనీకి రాస్తే కొత్త పట్టీ ఉచితంగా పంపిస్తామన్నారు, మంచిదే, కానీ నది మధ్యలో ఉన్నవాడికి ఏ అడ్రస్‌కి పంపుతారు? హ్యాచ్‌ని నమ్మకుండా బట్టలు, తిండి డ్రై బ్యాగుల్లో పెట్టుకోండి. సీటుగా ఇచ్చిన ఫోమ్ ముక్క కూడా గరాజ్‌లో కూర్చుని చూసినప్పుడు బాగానే ఉంటుంది, మధ్యాహ్నానికి నడుం పట్టేస్తుంది.

చెక్కది కదా, రాళ్ళకి పగిలిపోదా అని అందరూ అడుగుతున్నారు. పగలదు, గీసుకుపోతుంది. ఎక్కువ అరిగేది తోక కింది అంచు, ఈడ్చేటప్పుడు బరువంతా అక్కడే పడుతుంది కాబట్టి. బావ అక్కడ రెండు పొరల గుడ్డ అదనంగా వేసి, ఎపాక్సీలో గ్రాఫైట్ పొడి కలిపి పూశాడు, నల్లగా ఉంటుంది, చూడ్డానికి బాగోదు గానీ అరగలేదు. నా పడవకి ఒకచోట గుడ్డ దాకా అరిగింది. సాయంత్రం క్యాంప్‌లో తుడిచి, ఆరబెట్టి, రుద్ది, త్వరగా ఆరే ఎపాక్సీ ముద్ద పెట్టాను, పొద్దునకి గట్టిపడింది. ప్లాస్టిక్ కయాక్ ఇంత తేలిగ్గా దెబ్బతినదు, ఆ మాట నిజమే. కానీ ప్లాస్టిక్ చీలితే నది ఒడ్డున అతుకు సరిగా నిలవడం కష్టం. ఇక్కడ ఏ పొర కింద ఏముందో తెలుసు, పరిచింది మనమే కాబట్టి టెన్షన్ ఉండదు. చేత్తో కట్టిన పడవకి నేను ఎక్కువ మార్కులేసేది ఇందుకే, అందానికి కాదు.

కాబట్టి ఇటాస్కా రాళ్ళ దగ్గరే పడవ దింపాలని పట్టుదల ఉన్నవాళ్ళు 14 తీసుకోండి, సరస్సుల్లో కాస్త ఎక్కువ కష్టపడతారు, అంతే. బెమిడ్జిలో మొదలుపెట్టినా ఫర్వాలేదనుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని 17 తీసుకోండి. నేను మళ్ళీ కొంటే 17 కొని బెమిడ్జిలో దింపుతాను, బావ ఏమన్నా సరే. ఏది కొన్నా ఆర్డర్‌లోనే స్కెగ్, ఇంకో సెట్ హ్యాచ్ పట్టీలు, కీల్ (పడవ అడుగున నిలువునా ఉండే అంచు) కోసం అదనపు గుడ్డ కలిపేయండి. మిన్నెసోటాలో 10 అడుగులు దాటిన పడవకి మోటారు లేకపోయినా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇంట్లో కట్టినదైనా సరే, ఆ కాగితం పని వార్నిష్ ఆరేలోపు చేసేసుకోండి.