గీతా, గట్టా, వేగానికి కళ్లెమా? సైకిల్‌కు ఏది మేలు

రద్దీ వీధిలో సైకిల్‌కు చోటివ్వాలనుకోగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది రంగు డబ్బా. రోడ్డు అంచున ఒక తెల్ల గీత, దాని లోపల ఒక సైకిల్ బొమ్మ. రాత్రికి రాత్రి పని పూర్తవుతుంది, ఖర్చు తక్కువ, ఎవరి పార్కింగూ పోదు. నాకు దాని మీద నమ్మకం లేనిది కూడా అందుకే. ఎవరికీ ఏ ఇబ్బందీ పెట్టని మార్పు సైకిల్ తొక్కేవారికి చేసే మేలూ అంతంతమాత్రమే.

సరుకు దించే వ్యాను ఆ గీత లోపలే ఆగుతుంది. దాన్ని తప్పించుకోవాలంటే సైకిల్ ఉన్నట్టుండి కార్ల మధ్యకు రావాలి. ఆగి ఉన్న కార్ల పక్కన గీస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. తెరిచిన కారు తలుపు సుమారు మీటరు దాకా బయటికి చొచ్చుకొస్తుంది. మీటరున్నర దారిలో ఇక మిగిలేది అర మీటరు. చాలా సైకిళ్ల హ్యాండిల్ వెడల్పే అంతకు మించి ఉంటుంది.

గట్టు సంగతి వేరు. గట్టు అంటే ఎత్తుతోనో అడ్డుతోనో రోడ్డు నుంచి విడదీసిన సైకిల్ దారి. కోపెన్‌హేగన్‌లో సైకిల్ దారి రోడ్డు కంటే ఒక మెట్టు ఎత్తుగా, కాలిబాట కంటే ఒక మెట్టు పల్లంగా ఉంటుంది. ఎవరి చోటు ఏదో చక్రానికే తెలిసిపోతుంది. స్పెయిన్‌లోని సెవిల్ 2006 తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే రోడ్డు నుంచి విడదీసిన సైకిల్ దారులను నగరమంతటా అల్లింది. ఒక దారి మరో దారితో కలుస్తూ పోయేసరికి సైకిళ్ల సంఖ్య కొన్ని రెట్లు పెరిగింది. ఎక్కడికక్కడ తెగిపోయే ముక్కలు వేసి ఉంటే ఆ ఫలితం వచ్చేదని నేననుకోను.

అయితే గట్టుకు చోటు కావాలి. ఒకరినొకరు దాటుకుంటూ వెళ్లాలంటే ఒక్కో వైపు 2 మీటర్లయినా ఉండాలి. నాలుగు వరుసల రోడ్డులో ఒక్కో వరుసను 3.5 మీటర్ల నుంచి 3 మీటర్లకు తగ్గిస్తే మిగిలేది సరిగ్గా 2 మీటర్లు, అంటే ఒక వైపుకే సరి. రెండో వైపుకు పార్కింగ్ తీయాల్సిందే. గొడవ మొదలయ్యేది అక్కడే. దానికి తోడు చిన్న చిన్న చిక్కులు: వాన నీరు పోయే దారి, ఊడ్చే యంత్రం పట్టే వెడల్పు, బస్సు దిగేవారు నిలబడే తావు. బస్ స్టాప్ దగ్గర సైకిల్ దారిని స్టాప్ వెనక నుంచి తిప్పితే బస్సుకూ సైకిల్‌కూ పేచీ ఉండదు. ఒక్క చిక్కుకు మాత్రం నాకు మంచి జవాబు దొరకలేదు. సైకిల్ పట్టేంత సందు వదిలితే మోటారు సైకిల్ కూడా అందులో పడుతుంది.

వేగం మాట వచ్చేసరికి లెక్క తేలిక. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే డ్రైవరుకు అడ్డంగా ఎవరైనా వచ్చారని తెలిసి కాలు బ్రేకు మీద పడడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. ఆ సెకనులోనే కారు దాదాపు 14 మీటర్లు దూసుకుపోతుంది. పొడి రోడ్డు మీద 30తో వచ్చే కారు ఆ దూరంలో పూర్తిగా ఆగిపోయి ఉంటుంది. 50తో వచ్చేది అప్పుడే బ్రేకు వేయడం మొదలుపెడుతుంది. ఒకవేళ ఢీకొన్నా, 50తో తగిలే దెబ్బలోని శక్తి 30తో తగిలే దానికి దాదాపు 2.8 రెట్లు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరం 1992లోనే ప్రధాన రహదారులు మినహా మిగతా వీధుల్లో 30 పరిమితి పెట్టింది. మనుషులూ వాహనాలూ తరచూ కలిసి తిరిగే చోట 30 మించకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో మంత్రులు కలిసి చేసిన ప్రకటన కూడా చెప్పింది.

కాలం వృథా అవుతుందన్న వాదన ఉండనే ఉంది. 3 కిలోమీటర్ల వీధిని ఎక్కడా ఆగకుండా 50తో దాటితే 3 నిమిషాల 36 సెకన్లు, 30తో దాటితే 6 నిమిషాలు. తేడా రెండున్నర నిమిషాల లోపే. రద్దీ వీధిలో ఎక్కడా ఆగకుండా వెళ్లినవారు ఉంటే నాకూ చూడాలని ఉంది.

బోర్డు పెట్టగానే వేగం తగ్గిపోదు. వెడల్పుగా, తిన్నగా సాగే రోడ్డు బోర్డు కంటే గట్టిగా మాట్లాడుతుంది. వరుసలు ఇరుకు చేయాలి, నడిచి దాటే చోటును ఎత్తు చేయాలి, వాహనం నెమ్మదించక తప్పనంతగా మలుపుల్ని బిగించాలి. స్పీడ్ బ్రేకర్ వేస్తే అంచున సైకిల్‌కు సందు వదలాలి. ఇవన్నీ చేసినా, వెనక బస్సు, పక్కన లారీ ఉన్న వీధిలో 30 పరిమితి ఒక్కటే ఉంటే నేను సైకిల్ తొక్కుతాను కానీ, పదేళ్ల పిల్లను పంపను.

కాబట్టి బస్సులూ లారీలూ తెరిపి లేకుండా తిరిగే వీధికి గట్టే కావాలి. కానీ ఈ ఏడాది ఒక్క పనికే వీలుందంటే నేను వేగానికే ఓటు వేస్తాను. ఎంత మంచి గట్టయినా కూడలిలో తెగుతుంది. మలుపు తిరిగే వాహనం సైకిల్‌ను ఢీకొనే చోటూ అదే. అక్కడ సైకిల్‌ను కాపాడేది డ్రైవరు వేగం, మలుపు బిగువు మాత్రమే. ఒకే పక్కన రెండు దిశల సైకిల్ దారి వేస్తే అపాయం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే మలుపు తిరిగే డ్రైవరు ఒక వైపే చూస్తాడు. అందుకే పనిని కూడళ్ల దగ్గర మొదలుపెట్టి, గట్టును రెండు కూడళ్ల మధ్య సాగే భాగానికి తర్వాత తేవాలి. మొదట చెప్పిన రంగు డబ్బాకు కూడా అక్కడే పని ఉంది: కూడలిలో సైకిళ్లు దాటే పట్టీకి నిండుగా రంగు వేయడానికి.