చెక్క డ్రిఫ్ట్ బోటుకు లంగరు: కొన్నేళ్ల వాడకం తర్వాత

సొంతంగా కట్టుకున్న చెక్క డ్రిఫ్ట్ బోటుకు (ప్రవాహంతో పాటు సాగుతూ తెడ్లతో నడిపే నదీ పడవకు) లంగరు అమర్చి కొన్నేళ్లుగా అమెరికాలోని ఒరెగాన్ నదుల్లో వాడుతున్నాను. 30 పౌండ్ల సీసపు ముద్ద ఏదైనా సరే, ఈ పడవను పట్టి ఆపుతుంది. వదలమన్న క్షణంలో వదిలే ఏర్పాటు దొరకడమే కష్టం. కప్పీలు, తాడు, తాడును పట్టి ఉంచే లాక్, బోల్టులు అన్నీ ఆ ఒక్క దృష్టితోనే ఎంచుకోవాలని నా అభిప్రాయం.

ఎందుకో చెప్పాలంటే ఈ పడవ తీరు తెలియాలి. ఒరెగాన్‌లోని మెకెంజీ నది కోసం అక్కడి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వుడీ హిండ్‌మన్ వంటి వడ్రంగులు 1940లలో తీర్చిదిద్దిన రూపం ఇది. అడుగు చదును, రెండు కొనలూ పైకి లేచి ఉంటాయి. తెడ్డు వేసేవారు దిగువకు చూస్తూ కూర్చుని, తెడ్లను తమవైపు లాగి పడవ వేగం తగ్గిస్తారు. వెనుకనున్న వెడల్పాటి పలక ఎప్పుడూ ఎగువవైపే ఉంటుంది. లంగరు వేలాడేది ఆ పలకకే. వడి ఎక్కువున్న చోట లంగరు వేస్తే తాడు ఆ పలకను కిందికి గుంజుతుంది, ప్రవాహం దాని మీదకు ఎగబాకుతుంది. పడవ నిండడానికి ఎక్కువ సేపు పట్టదు. ఇలాంటి చోట్ల మనుషులు పోయారని పాత గైడ్లు ఊరికే హెచ్చరించరు.

నా పడవ పొడవు 16 అడుగులు, మెరైన్ ప్లైవుడ్‌తో కట్టింది. వెనుక పలకను రెండు పొరలు అతికించి ఒకటిన్నర అంగుళం మందం చేశాను. లంగరు వేలాడే అల్యూమినియం చెయ్యి కొన్నదే. దాన్ని బిగించిన పద్ధతి మీదే పలక ఆయుష్షు ఆధారపడుతుంది. ప్లైవుడ్‌కు నీరు తగిలేది పైనుంచి కాదు, రంధ్రాల లోపలి అంచుల నుంచి. అందుకే 5/16 అంగుళాల బోల్టు కోసం ముందు అర అంగుళం రంధ్రం చేసి, వెనుక టేపు అంటించి, చిక్కగా కలిపిన ఎపాక్సీ జిగురుతో నింపాను. అది గట్టిపడ్డాక నడిమధ్య మళ్లీ అసలు రంధ్రం. బోల్టుకు ఇక చెక్కే తగలదు. లోపలివైపు ఓక్ దిమ్మె, దాని మీద వెడల్పాటి వాషర్లు. మధ్యలో నీరు దూరకుండా సీలెంటుగా త్రీఎమ్ కంపెనీ 4200 వాడాను. అదే కంపెనీ 5200 అయితే మళ్లీ విప్పడం దాదాపు అసాధ్యం. విప్పి చూడలేని అతుకు చెక్క పడవలో ఉండకూడదు. కిందటేడు చెయ్యి విప్పి చూస్తే లోపల చెక్క కొత్తదానిలాగే ఉంది. టిల్లమూక్ దగ్గరి ఉప్పునీటిలో తిరిగినందుకు స్టీలు బోల్టులు అల్యూమినియాన్ని తాకేచోట మాత్రం తెల్లని పొడి కట్టింది. నైలాన్ వాషర్లు వేసి, ప్రతిసారీ మంచినీటితో కడగడం మొదలుపెట్టాక అది ఆగింది.

కప్పీల దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు. తాడు నిలువుగా పైకి వచ్చి అడ్డంగా మళ్లే చోట, 30 పౌండ్ల లంగరు ఆ కప్పీ మీద సుమారు 42 పౌండ్ల భారం మోపుతుంది. అది లంగరు ఊరికే వేలాడుతున్నప్పటి లెక్క. బండల మధ్య ఇరుక్కుని ప్రవాహం పడవను లాగుతున్నప్పుడు దానికి ఎన్నో రెట్లు. పైగా ప్రతి మలుపూ రాపిడిని పెంచుతుంది. లంగరు చేతికి బరువుగా తోచేది ఆ మలుపుల వల్లే. లంగరు కిట్‌తో వచ్చిన కప్పీల్లో పడవ అడుగున ఉన్నది ఇసుక చేరి రెండో ఏడాదికే తిరగడం మానేసింది. దాని స్థానంలో పెద్ద చక్రమున్న, విప్పి కడగగలిగే కప్పీ వేశాక ఎత్తడం ఎంతో తేలికైంది.

తాడు అర అంగుళం లావు, 50 అడుగుల పొడవు, అల్లిన పాలీప్రొపిలీన్. నైలాన్ నీరు పీలుస్తుంది, సాగుతుంది. ఇది నీటిపై తేలుతుంది, తడిచేతికి పట్టు దొరుకుతుంది. సన్న తాడు కప్పీల్లో సులువుగా జారుతుంది కానీ చలికాలంలో స్టీల్‌హెడ్ చేపల కోసం వెళ్లినప్పుడు అరచేతులను కోసేస్తుంది. తాడు చివర ముడి వేయకూడదు. లంగరు ఇరుక్కుని పలక కుంగుతుంటే మొత్తం తాడు కప్పీల్లోంచి జారిపోవాలి. లంగరు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. చివర ముడి వేసుకోమని సలహా ఇచ్చేవారున్నారు. నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. సీటు పక్కన, చెయ్యి చాపితే అందేలా కత్తి కూడా ఉండాలి.

లాక్ విషయంలో కాలితో నొక్కితే వదిలే రకమే నా ఎంపిక. రెండు చేతులూ తెడ్ల మీద ఉండగానే తాడును వదిలేయగలగడం చాలా పెద్ద మేలు. పళ్లతో తాడును పట్టి, చేతితో పైకి గుంజితే విడిచే బిగింపు చవక, సులువు కూడా. కానీ తాడు బాగా బిగుసుకున్నప్పుడు అదే మొండికేస్తుంది. కాలి లాక్‌కూ ఒక లోపముంది: స్ప్రింగు దగ్గర మట్టి చేరితే పెడల్ సగంలోనే ఆగుతుంది. నదిలోకి దించేముందు ఒకసారి నొక్కి చూడడం నాకు అలవాటైంది.

లంగరు బరువు నది అడుగును బట్టి. గులకరాళ్ల మీద 30 పౌండ్ల పిరమిడ్ ఆకారపు లంగరు చక్కగా నిలుస్తుంది. పెద్ద బండలున్న చోట అది దూరి ఇరుక్కుంటుంది, అక్కడ వేయకపోవడమే మేలు. 2020 సెప్టెంబరు హాలిడే ఫార్మ్ కార్చిచ్చు తర్వాత మెకెంజీలో పడిన చెట్లను చూశాక, పైనుంచి దుంగ కొట్టుకొస్తే ఎటు తప్పుకోవాలో చూసుకోకుండా నేను లంగరు దించను. దిగువ డెషూట్స్ నదిలో పడవలోంచి చేపలు పట్టడం నిషేధం; ఒడ్డు పక్క నెమ్మది నీటిలో లంగరు వేసి, దిగి పట్టాలి. అక్కడైతే 25 పౌండ్లు చాలు.

పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఉంటూ పడవ కట్టాలని చూస్తున్న తెలుగువారికి ఒక్క మాట: తాడు దారిని పలక, సీటు అమర్చకముందే గీసుకోండి. తర్వాత చేసే ప్రతి రంధ్రానికీ ఎపాక్సీ పని రెండింతలు అవుతుంది. నా తాడు అల్యూమినియం చెయ్యి దగ్గర నూగు లేచింది, ఈ చలికాలం మారుస్తాను. అదే రకం, అదే లావు.