ఎయిర్ ట్రాక్‌తో తొమ్మిదేళ్ల ఘర్షణ

ఎయిర్ ట్రాక్ అంటే రంధ్రాల్లోంచి గాలి చిమ్మే పొడవాటి పట్టా, ఆ గాలి మీద గ్లైడర్లనే చిన్న బండ్లు తేలుతూ జారతాయి. అంతకు మించి అది ఎలా పనిచేస్తుందో నేను చెప్పబోవడం లేదు. పొడవెంత, రంధ్రాలెన్ని, పెట్టెలో ఎన్ని గ్లైడర్లు వస్తాయి లాంటివన్నీ కరపత్రంలో ఉంటాయి. కరపత్రంలో లేనిది ఒకటుంది. ట్రాక్‌ను మట్టం చేయడం ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదు, అది మన దగ్గర ఉన్నన్నాళ్లూ చేస్తూనే ఉండాలి. తొమ్మిదేళ్లుగా నా కోపమంతా ఆ ఒక్క విషయం మీదే.

విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం తరగతులకు ప్రదర్శనలు సిద్ధం చేయడం నా ఉద్యోగం. అధ్యాపకులు ముందురోజు చీటీ పంపుతారు. సామాను ట్రాలీకి ఎక్కించి, హాలుకు చేర్చి, ఒకసారి ఆడించి చూసి, తరగతి అయ్యాక వెనక్కి తెచ్చుకుంటాను. చీటీలో పీరా (PIRA) వర్గీకరణ సంఖ్య, అంటే భౌతికశాస్త్ర ప్రదర్శనల జాబితాలో ఒక్కోదానికి ఇచ్చిన సంఖ్య, రాయాలని నియమం. 1తో మొదలైతే యాంత్రికశాస్త్రం, 5తో మొదలైతే విద్యుత్తు, అయస్కాంతత్వం. ఆ సంఖ్య రాసిన పుణ్యాత్ములు తక్కువ. "ఆ జారేది పంపండి" అని వస్తుంది. ఆ జారేది అంటే ఈ రెండు మీటర్ల ట్రాకే.

ముందు దాని మంచి చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. సమాన ద్రవ్యరాశి ఉన్న రెండు గ్లైడర్లకు రబ్బరు బ్యాండ్ల బంపర్లు తగిలిస్తాం. ఒకటి ట్రాక్ మధ్యలో నిశ్చలంగా ఉంటుంది. రెండోదాన్ని వేలితో మెల్లగా నెడతాం. అది వచ్చి తాకుతుంది, తాకిన చోటే ఠక్కున ఆగిపోతుంది. అప్పటిదాకా కదలనిది అదే వేగంతో అటు వెళ్లిపోతుంది. రెండు వందల మంది కూర్చున్న హాల్లో చివరి వరుస గుసగుసలు కూడా ఆ క్షణాన ఆగడం నేను ఎన్నోసార్లు విన్నాను. బంపర్లు తీసి ఒకదానికి సూది, ఇంకోదానికి మైనం బిగిస్తే రెండూ అతుక్కుని సగం వేగంతో కలిసి పోతాయి. ద్రవ్యవేగం మొత్తం అలాగే ఉంది, గతిజశక్తిలో సగం కనిపించడం లేదు. ఆ సగం ఏమైందని అడిగితే మంచి తరగతిలో పావుగంట చర్చ నడుస్తుంది. ట్రాక్ వచ్చిన కొత్తలో దీన్ని చూసి పొంగిపోయి "ఘర్షణ లేని ట్రాక్" అంటూ అందరికీ చెప్పుకు తిరిగాను. ఇంకో రెండు విభాగాల వారిచేత కొనిపించాను కూడా.

చిక్కు కూడా ఆ ఘర్షణ లేకపోవడంలోనే ఉంది. మామూలు బల్ల మీద చెక్కదిమ్మ పెడితే, బల్ల కాస్త వాలి ఉన్నా దిమ్మ కదలదు. మన తప్పులను ఘర్షణ కడుపులో పెట్టుకుంటుంది. ఎయిర్ ట్రాక్‌కు ఆ దయ లేదు. రెండు మీటర్ల ట్రాక్‌కు ఒక చివర ఒక్క మిల్లీమీటరు ఎత్తు ఎక్కువైతే గ్లైడర్ త్వరణం సెకనుకు సెకనుకు సుమారు 5 మిల్లీమీటర్లు. చూడటానికి అది లెక్కలోకి రాని అంకె. కానీ నిశ్చలంగా వదిలిన గ్లైడర్ పది సెకన్లలో పాతిక సెంటీమీటర్లు జరిగిపోతుంది. మా ట్రాక్ కాళ్ల మధ్య దూరం మీటరున్నర. ఒక కాలి కింద మామూలు తెల్లకాగితం ఒక్కటి, అంటే మిల్లీమీటరులో పదో వంతు మందం పెట్టినా పది సెకన్లలో మూడు సెంటీమీటర్లకు పైగా కదులుతుంది. అధ్యాపకులు "ఇది నిశ్చల స్థితిలో ఉంది" అని చెప్పి బోర్డు వైపు తిరిగి వచ్చేలోపు అది ఎటో బయలుదేరి ఉంటుంది.

మేస్త్రీలు వాడే రసమట్టం ఇక్కడ కొరగాదు. మీటరుకు అర మిల్లీమీటరు తేడా చూపితే అది మంచి రసమట్టం కింద లెక్క, మన కొంప ముంచేది సరిగ్గా ఆ తేడాయే. అందుకని గ్లైడరే నా రసమట్టం. మధ్యలో వదిలి చూస్తాను, రెండు చివర్ల దగ్గర వదిలి చూస్తాను, ట్రాక్ కాలికున్న మర తిప్పుతాను, మళ్లీ వదులుతాను. తర్వాత గ్లైడర్‌ను అటుదిటు తిప్పి పెడతాను. అప్పుడూ ముందు వెళ్లిన వైపుకే వెళితే వాలు ట్రాక్‌ది. దిశ మార్చుకుంటే లోపం గ్లైడర్‌ది, ఎక్కడో వంగి గాలిని ఒక పక్కకు ఎక్కువగా వదులుతోందన్నమాట. ఎక్కడ వదిలినా నడిమికే వస్తోందంటే ట్రాక్ మధ్యలో కుంగింది. దానికి నా దగ్గర మందు లేదు. మాది ఆరో ఏట నుంచి కొద్దిగా అలాగే ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ రోజు పాఠం ద్రవ్యవేగ నిత్యత్వం. హాల్లో ఉన్న బల్ల నిండా అంతకుముందు తరగతి వారి సామాను ఉంది. రెండు తరగతుల మధ్య నాకు పది నిమిషాలే దొరుకుతాయి. దాంతో ట్రాక్‌ను ట్రాలీ మీదే ఉంచి, చక్రాలు కదలకుండా తొక్కి బిగించి, అక్కడే మట్టం చేశాను. గ్లైడర్ గోడకు కొట్టిన మేకులా నిలబడింది. సంతృప్తిగా వెళ్లి పక్కన కూర్చున్నాను.

మేడమ్ వచ్చి పాఠం మొదలుపెట్టారు. ట్రాలీకి కుడి చివర నిలబడి, మధ్యలో ఉన్న గ్లైడర్‌ను చూపించి, "దీని ద్రవ్యవేగం ఎంత?" అని అడిగారు. "సున్నా" అని తరగతి అంతా ఒక్క గొంతుతో అంది. గ్లైడర్ మాత్రం నింపాదిగా ఆమె వైపు నడక మొదలుపెట్టింది. నవ్వులు. నేను వెళ్లి మర అర చుట్టు తిప్పుదామని వంగాను, చూస్తే నిశ్చలంగానే ఉంది. వెనక్కి వెళ్లి కూర్చున్నాను. మళ్లీ బయలుదేరింది, మళ్లీ ఆమె వైపే. పైన ఫ్యాను గాలేమో అనుకుని ఫ్యాను ఆపించాను. ఆ అనుమానం మరీ తెలివితక్కువది కాదు. రెండు వందల గ్రాముల గ్లైడర్‌ను మిల్లీమీటరు వాలు ఎంత బలంతో లాగుతుందో, సన్నని గాలి కూడా ఇంచుమించు అంత బలంతోనే నెట్టగలదు. ఫ్యాను ఆగింది, గ్లైడర్ ఆగలేదు. ఎందుకైనా మంచిదని గ్లైడర్ మార్చాను. కొత్తదీ ఆమె దగ్గరికే పోయింది.

ఈలోపు మేడమ్ ఎడమ చివరకు వెళ్లి నిలబడ్డారు. గ్లైడర్ ఒక క్షణం తటపటాయించి, ఎడమ వైపు తిరిగింది.

మూడో వరుసలోంచి ఒక అబ్బాయి, "గురువు ఎటుంటే అటే వెళుతోంది, గురుత్వాకర్షణ అంటే ఇదే కాబోలు" అన్నాడు. హాలు గొల్లుమంది. ఆమె కూడా నవ్వి, నవ్వుతూనే ట్రాలీ అంచు మీద మోచేయి ఆనించారు. గ్లైడర్ వేగం అందుకుంది. అప్పుడు వెలిగింది నాకు. ఆమె ఎక్కడ నిలబడితే అక్కడ ట్రాలీ మీద చెయ్యి వేస్తున్నారు. ఆ బరువుకు ఆ వైపు రబ్బరు చక్రాలు వెంట్రుక మందం అణుగుతున్నాయి. ట్రాలీ పైపలక కూడా కొంచెం వంగుతోంది. నేను మట్టం చూడటానికి వంగినప్పుడల్లా ఆమె మర్యాదగా పక్కకు తప్పుకుంటున్నారు, కాబట్టి నాకు అంతా సవ్యంగా కనిపించింది. ఆ అబ్బాయి హాస్యానికి అన్నాడు గానీ, అది అక్షరాలా గురుత్వాకర్షణే.

"మేడమ్, ఒక్కసారి చెయ్యి తీస్తారా?" అన్నాను. తీశారు. గ్లైడర్ నెమ్మదించలేదు, ఉన్న వేగంతోనే వెళ్లి చివరి బంపర్‌ను తాకింది. నెమ్మదించడానికి అక్కడ ఘర్షణ ఏది! ఆమె తరగతి వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పండి, బలం ఎప్పుడు ఉంది, ఎప్పుడు పోయింది?" అని అడిగారు. అనుకున్న ప్రయోగం ఆ రోజు జరగనే లేదు. కానీ ఆ ఏడాది జరిగిన తరగతుల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

అందుకని ఈ వస్తువును క్షమించానా అంటే, లేదు. ఆ తర్వాత ట్రాలీ మీద ట్రాక్ ఆడించడం మానేశాను. కదలని బల్ల ఖాళీగా ఉంటేనే ఇస్తాను. మూడు కాళ్లున్న రకం కాబట్టి కుంటడమన్నది లేదు, ఆ మాట దాని పక్షాన చెప్పాలి. నాలుగు కాళ్లదైతే నేను ఈపాటికి వేరే ఉద్యోగం చూసుకునేవాణ్ణి.

"ఘర్షణ లేని" అని మొదట్లో చాటింపు వేశానని చెప్పాను కదా, ఇప్పుడు దానికి ముందు "దాదాపు" చేరుస్తున్నాను. ఫొటోగేట్లు (కాంతి పుంజం తెగే సమయాన్ని బట్టి వేగం కొలిచేవి) పెట్టి కొలిస్తే, తాకిన గ్లైడర్ తెచ్చిన వేగం కంటే తాకించుకున్నది తీసుకుపోయే వేగం ప్రతిసారీ కొంచెం తక్కువే వస్తుంది. రబ్బరు బ్యాండు తినేస్తున్నది అందులో ఎక్కువ. బ్యాండ్లు వదులైతే ఇంకా తింటుంది, కాబట్టి ఏటా మార్చుకోవాలి. అలాగే ట్రాక్‌లోకి గాలి ఊదే బ్లోయర్ చప్పుడు పెద్దగా ఉండదని ఒకప్పుడు చెప్పేవాణ్ణి. ఖాళీ గదిలో విన్నప్పుడు ఉండదు. మెల్లగా మాట్లాడే అధ్యాపకుల తరగతిలో మాత్రం వాక్యంలో సగం బ్లోయరే చెబుతుంది. చప్పుడు తగ్గుతుందని దాన్ని స్పంజు వేసిన చెక్కపెట్టెలో పెట్టి చూశాను. గాలి ఆడక వేడెక్కి, పది నిమిషాలకు దానంతటదే ఆగిపోయింది. ఇప్పుడు పొడుగు గొట్టం తగిలించి తలుపు అవతల పెడుతున్నాను. గొట్టం పొడవయ్యేసరికి ట్రాక్‌లో గాలి ఒత్తిడి కాస్త తగ్గుతుంది, బరువులు వేసిన గ్లైడర్లు అక్కడక్కడా రాసుకుంటాయి.

గాలి ఆపి ఉన్నప్పుడు గ్లైడర్‌ను ట్రాక్ మీద జరపకూడదు, గీతలు పడతాయి. ఈ ముక్క చీటీ రాసి అంటించాను. దాన్ని చదువుతూనే జరుపుతారు.

ఇలాంటి గాలి పట్టాను 1960ల మొదట్లో అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో హెచ్.వి. నెహర్ రూపొందించారు. అక్కడి భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ తన ద్రవ్యవేగం పాఠంలో దాన్నే వాడారు. రెండు వస్తువుల మధ్య బొమ్మ తుపాకీ టపాకాయ పెట్టి పేల్చి, రెండూ సమాన వేగాలతో విడిపోవడం చూపించారు. ఆ పాఠానికి ముందు మట్టం చేసింది ఎవరో, ఎన్నిసార్లు చేశారో తెలుసుకోవాలని నాకు ఎంత ఆశో.

మళ్లీ కొంటారా అని అడిగితే, నా పరిస్థితిలో అయితే వెంటనే అవుననలేను. హాలు నలుగురితో పంచుకోవాలి, మధ్యలో పది నిమిషాలే, సామాను మోసేది నేనొక్కణ్ణే, రెండు మీటర్ల ట్రాక్ మా లిఫ్టులో ఐమూలగా పెడితే తప్ప పట్టదు. ఈ మధ్య సగం చీటీలకు చక్రాల డైనమిక్స్ బండ్లే పంపుతున్నాను. వాటిలో ఘర్షణ ఎక్కువ, ఆ నిశ్శబ్ద క్షణం రాదు, కానీ మోచేతికి లొంగవు. ట్రాక్‌ను ఒక హాల్లో కదలని బల్లకు శాశ్వతంగా బిగించి, తాళం వేసుకునే వీలున్నవారు నా మాట పట్టించుకోకుండా కొనుక్కోండి. నాకే ఆ వీలుంటే ఈ సమీక్ష ఇంకోలా ఉండేది. ప్రయోగశాలలో పిల్లలచేత చేయించడానికా అంటే, అది నా పని కాదు కాబట్టి చెప్పలేను.

వచ్చే మంగళవారానికి ఆ మేడమ్ దగ్గర్నుంచి నిన్న చీటీ వచ్చింది. పీరా సంఖ్య ఈసారి కూడా లేదు. "ఆ జారేది. బల్ల మీద చెయ్యి వేయను" అని రాశారు.