టీఎల్‌డీ బ్యాడ్జి చాలా, బీప్ కొట్టేది కూడా కొనాలా?

కృష్ణపట్నం వైపు ప్లాంట్లలో రాత్రిపూట వెల్డింగ్ జాయింట్లకి ఆర్‌టీ (లోపల లోపాలున్నాయేమో రేడియేషన్‌తో ఫొటో తీసి చూసే పని) చేసే పిల్లోళ్ళూ, నెల్లూరు ఆస్పత్రుల్లో ఎక్స్‌రే తీసేవాళ్ళూ అందరూ నన్ను ఇదే అడుగుతుండారు: ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఒకటి చాలా, రేడియేషన్ ఎక్కువైతే అప్పటికప్పుడే బీప్ కొట్టే డోసిమీటరు కూడా కొనాలా అని. పని ఏందో చెప్పకుండా ఏది మేలంటే ఏం చెప్తామబ్బా.

టీఎల్‌డీ అంటే లోపల మూడు బిళ్ళలుండే బ్యాడ్జి, రేడియేషన్ తగిలితే దాచిపెట్టుకుంటది, ల్యాబులో వేడి చేస్తే వెలుగు రూపంలో కక్కేస్తది. మన దగ్గర సాధారణంగా మూడు నెలలకోసారి పంపాలి. బ్యాటరీ లేదు, కిందపడినా పెద్ద భయం లేదు, మన పేరు మీద డోసు రికార్డు నిలిచేది దీంతోనే. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పెట్టిన హద్దు, ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ డోసు కొలత), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు, ఆ లెక్క చూసేదీ దీన్నిబట్టే. కాకపోతే ఈరోజు తగిలింది ఎప్పుడో నెలల తర్వాత గానీ తెలవదు, అదే దీంతో తంటా.

ఆర్‌టీ వాళ్ళకి అట్టా కుదరదు. ఇరిడియం 192 సోర్సు (రేడియేషన్ చిమ్మే ముక్క) కెమెరా (దాన్ని దాచిపెట్టే బరువైన డబ్బా) లోపలికి తిరిగి పోకుండా ఇరుక్కుందనుకో, ఆ నిమిషంలో చెవి దగ్గర అరిచేది కావాలి, మూడు నెలల తర్వాత వచ్చే కాయితం ఏం చేసుకుంటాం? కాబట్టి వాళ్ళకి రెండూ ఉండాల్సిందే, సర్వే మీటరు (చుట్టూ రేడియేషన్ ఎంతుందో చూపించేది) ఎట్టాగూ చేతిలో ఉండాల. పాతకాలం పెన్ను మాదిరి డోసిమీటరు కన్నా డిజిటల్ అలారం ఉండేదే నయం, పెన్ను కాస్త గట్టిగా తగిలితే ముల్లు ఎటో పోతది.

ఆస్పత్రిలో మామూలు ఎక్స్‌రే రూముకి టీఎల్‌డీ చాలు, డబ్బులు తగలెయ్యబాకండి. క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాలు ఎక్స్‌రేలో చూస్తా వైద్యం చేసే రూము) వాళ్ళు బీప్ కొట్టేది కొంటామంటే కొనండి, కానీ అక్కడ ఎక్స్‌రే పల్సులుగా వస్తది, కొన్ని మోడళ్ళు అది అందుకోలేక తక్కువ చూపిస్తాయి, కొనేముందు ఆ మాట అడగండి.

ఓఎస్‌ఎల్ అని ఇంకోటుంది, వేడికి బదులు లైటుతో చదువుతారు, అనుమానమొస్తే మళ్ళీ చదవొచ్చు, టీఎల్‌డీకి ఆ వీలు తక్కువ. ఫిల్మ్ బ్యాడ్జి ఊసే వద్దు, మన సముద్రపు తేమకీ ఎండకీ మసకబారిపోతది.

ఏది కొన్నా బ్యాడ్జి ఛాతీ మీద, లెడ్ ఏప్రాన్ లోపల పెట్టుకోవాల. మాకు తెలిసిన ఒకాయన ఏప్రాన్‌తో పాటు ఎక్స్‌రే రూములోనే వదిలేసి పోయాడు, రీడింగు ఎక్కడికో పోయి వివరణలు రాసుకోలేక చచ్చాడు పాపం. కంట్రోల్ బ్యాడ్జి (ఎవరూ పెట్టుకోకుండా, పోల్చుకోడానికి పక్కన ఉంచేది) కూడా కొంతమంది ఆ రూము బీరువాలోనే పెడుతుండారు, దాని రీడింగు తీసేసే మిగతా అందరి డోసూ కడతారు కాబట్టి అది తప్పితే అందరి లెక్కా తప్పే, దూరంగా ఆఫీసు రూములో పెట్టండి.